అన్నం పరిత్యాజ్యమా? – ధాన్యరహిత ఆహారంపై ఒక విచారణ



బిడ్డ నోటికి తొలిసారి అందేది అన్నప్రాశన నాటి పాయసం. వధూవరుల శిరస్సులపై కురిసేవి తలంబ్రాలు. పెద్దలు ఆశీర్వదించేది అక్షతలతో. దేహయాత్ర ముగిసిన పిమ్మట సంతానం సమర్పించేది పిండం. ఈ విధంగా పుట్టుక నుండి పరలోకం దాకా ధాన్యం మన వెంట నడుస్తున్నది. అటువంటి ధాన్యాన్నే పూర్తిగా విడిచిపెట్టండి, మన ఆదిమ పూర్వులు దానిని ఎరుగరు, అదే సకల రోగాలకూ మూలం అనే బోధ ఈ కాలంలో బలంగా వినవస్తున్నది. దేవాలయంలో చేయి చాచి ప్రసాదం అందుకోవడానికి కూడా కొందరు సంకోచిస్తున్నారు. మధుమేహం ఉన్నవారికి ఆ సంకోచంలో భయం ఉన్నది, భక్తి ఉన్నది, రెండింటి నడుమ బాధ కూడా ఉన్నది. కనుక ఈ విషయాన్ని పరిహాసంతో కొట్టివేయరాదు, ఆవేశంతో అంగీకరించనూ రాదు. మన మీమాంసకులు నేర్పిన పద్ధతిలో ముందు పూర్వపక్షాన్ని నిండుగా విని, తరువాత ఉత్తరపక్షాన్ని చెప్పి, చివరకు నిర్ణయానికి వద్దాం.

ఉప్పల్, నాచారం ప్రాంతాల వారికి ఈ విచారణ మరింత సమీపమైనది. మన ముంగిటనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. హబ్సిగూడ నుండి ఉప్పల్‌కు వచ్చే మార్గంలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, అనగా సీసీఎంబీ ఉన్నది. మనిషి ఏమి తినాలి అనే ప్రశ్నను ఒకటి, మనిషి దేహం ఏ పూర్వుల నుండి వచ్చినది అనే ప్రశ్నను రెండవది దశాబ్దాలుగా శోధిస్తున్నాయి.

పూర్వపక్షం

ధాన్యరహిత ఆహారాన్ని బోధించేవారి వాదం ఇది. మనిషి లక్షల సంవత్సరాల పాటు వేటాడి, దుంపలు తవ్వి, పండ్లు, గింజలు ఏరుకొని జీవించాడు. వ్యవసాయం వచ్చి సుమారు పదివేల సంవత్సరాలే అయింది. ఇంత స్వల్పకాలంలో దేహం ధాన్యానికి అలవాటు పడలేదు. కనుక ధాన్యం, పప్పుధాన్యాలు, పాలు విడిచి ఆదిమ ఆహారానికి మరలాలి. అమెరికాలో 1975లో వాల్టర్ వోగ్ట్‌లిన్ అనే వైద్యుడు దీనిపై గ్రంథం వ్రాశాడు. 1985లో బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అనే పండితులు ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో ప్రకటించిన వ్యాసం దీనికి శాస్త్ర గౌరవాన్ని తెచ్చింది. 2002లో లోరెన్ కార్డెయిన్ వ్రాసిన పుస్తకం దీనిని ఇంటింటి మాటగా చేసింది. మన తెలుగునాట 2017–18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారు ధాన్యాన్ని మాని కొబ్బరినూనె వంటి కొవ్వులను ప్రధానంగా తీసుకొనే విధానాన్ని ప్రచారం చేయగా, వేలాది కుటుంబాలలో అది చర్చనీయాంశమైంది. అది ఆదిమ ఆహారం కాకపోయినా, అన్నం వద్దు అన్న అంశంలో రెండూ ఒక్కటే.

ఈ వాదానికి బలం లేకపోలేదు. గంగా మైదానంలో సరాయ్ నాహర్ రాయ్, మహదహ, దమదమ అనే చోట్ల వ్యవసాయానికి పూర్వం జీవించిన వారి అస్థిపంజరాలు లభించాయి. వారు పొడగరులు, దృఢకాయులు, వారిలో దంతక్షయం స్వల్పం. వ్యవసాయం స్థిరపడిన అనేక దేశాలలో తొలి కర్షకుల అస్థులు పొట్టితనాన్ని, పుచ్చిన పళ్లను, రక్తహీనత గుర్తులను చూపుతున్నాయి. ఒకే గింజపై ఆధారపడిన మనిషి కొన్నింటిని కోల్పోయాడన్నది సత్యం.

నేటి స్థితి కూడా ఈ వాదానికి తోడు నిలుస్తున్నది. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా జరిపి 2023లో ప్రకటించిన సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహం గలవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు, మనవారి శక్తిలో 50 నుండి 70 శాతం ధాన్యం నుండే వస్తున్నదని, దానిని 45 శాతానికి పరిమితం చేయాలని చెప్పాయి. అన్నం మనకు మితిమీరిందని మన ఇంటి పక్కనున్న సంస్థయే చెప్పిన తరువాత పూర్వపక్షాన్ని తేలికగా చూడజాలము.

మన శాస్త్రాలలోనూ ధాన్యరహిత ఆహారానికి గౌరవస్థానం కలదు. ఏకాదశి నాడు అన్నం వర్జ్యం. ఋషిపంచమి వ్రతంలో నాగలితో దున్నిన నేలలో పండినది తినరాదు. వానప్రస్థుడు ఊరిలో పండిన ఆహారాన్ని విడిచిపెట్టాలని మనుస్మృతి విధించినది. శ్రీరామచంద్రుడు వనవాసానికి బయలుదేరేటప్పుడు, పదునాలుగు సంవత్సరాలు కందమూల ఫలాలతో జీవిస్తానని కౌసల్యాదేవితో చెప్పాడు. చిత్రకూటంలో తండ్రి మరణవార్త విన్నప్పుడు ఆయన పెట్టినది బియ్యపు పిండం కాదు. గారపండ్ల పిండిని రేగుపండ్లతో కలిపి పిండంగా సమర్పించాడని వాల్మీకి మహర్షి వర్ణించాడు. మనిషి దేనిని తింటాడో దానినే తన దేవతలకు పెడతాడన్న ధర్మం ఆ సందర్భంలో చెప్పబడింది. ధాన్యం లేని పిండం పితృదేవతలకు చేరినది. ఇంతకంటే గొప్ప ప్రమాణం పూర్వపక్షానికి మరొకటి దొరకదు.

ఉత్తరపక్షం

ఇక సమాధానం వినండి. మొదటి ప్రశ్న: పూర్వులు ధాన్యాన్ని నిజంగా ఎరుగరా? ఆఫ్రికాలోని మొజాంబిక్ దేశంలో ఒక గుహలో లభించిన రాతి పనిముట్లపై అడవిజొన్న పిండి కణాలను కనుగొన్నట్లు 2009లో ఒక శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. ఆ పనిముట్ల వయస్సు సుమారు లక్ష సంవత్సరాలు. గలిలీ సరస్సు తీరాన ఒహాలో అనే చోట 23,000 సంవత్సరాల నాటి మనుషులు అడవి యవలను, అడవి గోధుమను ఏరి, రాతిపై నూరుకొని తిన్న ఆనవాళ్లు బయటపడ్డాయి. వ్యవసాయం పదివేల ఏండ్లదే కావచ్చు, కాని గింజ మనిషి నోటికి అంతకు చాలా ముందే చేరింది.

రెండవ ప్రశ్న: దేహం మారలేదా? పిండిపదార్థాన్ని జీర్ణం చేసే ఎంజైమును లాలాజలంలో పుట్టించే జన్యువు ఒకటి ఉన్నది. పిండిపదార్థం ఎక్కువగా తినే జాతులలో ఆ జన్యువు ప్రతులు ఎక్కువగా ఉంటాయని 2007లో తేలింది. ఆ ప్రతులు పెరగడం వ్యవసాయానికి ఎన్నో లక్షల సంవత్సరాల ముందే ఆరంభమైందని 2024లో మరొక పరిశోధన చెప్పింది. పాల విషయంలోనూ అంతే. పెద్దవయసులో పాలు జీర్ణం చేసుకొనే జన్యుమార్పు భారతీయులలో ఎంత ఉన్నదో మన సీసీఎంబీ శాస్త్రజ్ఞులు పాల్గొన్న పరిశోధన 2012లో వెల్లడించింది. అది సుమారు ఐదింట ఒక వంతు మందిలో ఉన్నది, ప్రాంతాన్ని బట్టి, వృత్తిని బట్టి ఎక్కువ తక్కువలు ఉన్నాయి. దేహం రాతియుగంలో నిలిచిపోలేదు, అందరి దేహాలూ ఒకే తీరున మారనూ లేదు.

మూడవ ప్రశ్న మనకు మరింత ముఖ్యమైనది: ఎవరి పూర్వులు? యూరప్‌లోనో ఆర్కిటిక్ మంచులోనో జీవించినవారు మనకు ప్రమాణమా? మన దక్కనులో పాలమూరు ప్రాంతపు ఉట్నూరులో 1957లో రేమండ్ ఆల్చిన్ అనే పురాతత్త్వవేత్త నవీన శిలాయుగపు బూడిద దిబ్బను త్రవ్వి పరిశీలించాడు. అటువంటి పశుపాలకుల, కర్షకుల స్థావరాలు కర్నూలు, బళ్లారి సీమలలో అనేకం. ఆ కాలపు స్థావరాలలో మాడి మిగిలిన గింజలను పరీక్షించగా అండుకొర్రలు, దానికి దగ్గరి తృణధాన్యాలు, ఉలవలు, పెసలు బయటపడ్డాయి. అవి నాలుగువేల సంవత్సరాలకు పూర్వపువి. గోధుమ, యవలు తరువాత వచ్చాయి, వరి ఇంకా తరువాత వచ్చింది. కనుక ఈ నేలపై పూర్వుల ఆహారం ఏది అని అడిగితే, తవ్వి చూపగల సమాధానం ధాన్యం లేని ఆహారం కాదు, తృణధాన్యమూ పప్పూ కలిసిన ఆహారం.

అడవినే నమ్ముకొన్నవారి సంగతి చూద్దాం. అహోబిల నరసింహస్వామి చేపట్టిన చెంచులక్ష్మి పుట్టినింటివారైన నల్లమల చెంచులు గడ్డలు, పండ్లు, తేనె సేకరించి జీవించినవారు. 1940 దశకంలో వారిని గూర్చి గ్రంథం వ్రాసిన హైమెన్‌డార్ఫ్, వారు అడవి సరుకులిచ్చి మైదానపు ధాన్యం తెచ్చుకొనే పద్ధతిని కూడా వర్ణించాడు. వారు ధాన్యాన్ని దోషమని వదలలేదు. దొరికినప్పుడు ఆదరించారు, దొరకనప్పుడు అడవితల్లి ఇచ్చినది తిన్నారు.

ఋషుల మాట కూడా అంతే. వానప్రస్థునికి విధించిన మున్యన్నంలో నీవారం ఉన్నది. నీవారమంటే దున్నకుండా, విత్తకుండా తనంత తాను పండే నివ్వరి ధాన్యం. ముని విడిచినది గింజను కాదు, నాగలిని, దానితో వచ్చే మమకారాన్ని. శివాలయంలో అభిషేకవేళ మనం నిత్యం వినే చమకంలో భక్తుడు పరమేశ్వరుని ఏమి కోరుతున్నాడో గమనించండి. వ్రీహి, యవ, మాష, తిల, ముద్గ, గోధుమ, ప్రియంగు, శ్యామాక, నీవారాలు అందులో ఉన్నాయి. వడ్లు, యవలు, మినుములు, నువ్వులు, పెసలు, గోధుమలు, కొర్రలు, చామలు, నివ్వరులు అన్నమాట. ఆయన ధాన్యం అడిగాడు, కాని ఒక్క ధాన్యాన్నే అడగలేదు. ఈ మాటను జ్ఞాపకం ఉంచుకోండి, మన నిర్ణయం దీనిపైననే నిలుస్తుంది.

నూరేండ్ల సాక్ష్యం

ఇప్పుడు మన పొరుగు సంస్థ చరిత్రను చూద్దాం. జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో, పాశ్చర్ సంస్థలోని ఒక్క గదిలో మొదలైంది. దానిని ప్రారంభించినవాడు రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు. అతని ముందున్న సమస్య బెరిబెరి. కాళ్లు పట్టు తప్పి, గుండె నీరసించి ప్రాణం తీసే ఆ వ్యాధి నాటి మదరాసు రాజధానిలో ఉత్తర సర్కారులను, అనగా మన కోస్తా తెలుగు జిల్లాలను ప్రత్యేకంగా పీడించింది. కారణం బియ్యమేనా? కాదు. మరలో తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం. తవుడుతో పాటు బి1 విటమిను పోయింది. అదే బియ్యాన్ని వడ్లుగా ఉన్నప్పుడే ఉడికించి ఉప్పుడు బియ్యంగా తిన్నవారికి ఆ వ్యాధి సోకలేదు. దోషం గింజలో లేదు, గింజకు మనం చేసిన దానిలో ఉన్నది.

మెక్‌కారిసన్ మరొక పరీక్ష చేశాడు. భారతదేశపు వివిధ ప్రాంతాల భోజనాలను ఎలుకలకు పెట్టి వాటి పెరుగుదలను చూశాడు. పొట్టు తీయని గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు గల పంజాబు భోజనం తిన్నవి అన్నిటికంటే ఆరోగ్యంగా పెరిగాయి. తెల్లబియ్యమే ప్రధానమైన దాక్షిణాత్య భోజనం తిన్నవి వెనుకబడ్డాయి. మొదటి స్థానం పొందినది ధాన్యరహితం కాదు, చివరి స్థానం పొందినది ధాన్యమయం. రెండింటిలోనూ ధాన్యం ఉన్నది, తోడు మాత్రం వేరు.

ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఇక్కడ దానికి మరొక వ్యాధి ఎదురైంది. జొన్నలే దాదాపు సర్వస్వంగా తినే తెలంగాణ నిరుపేదలలో చర్మం నల్లబారి పగిలే పెల్లాగ్రా. డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో దీనిపై ప్రసిద్ధమైన పరిశోధనను ప్రకటించారు. జొన్నలోని ల్యూసిన్ అనే అంశం అధికమై, నియాసిన్ అనే విటమినును దేహం వినియోగించుకోవడానికి అడ్డుపడుతున్నదని వారు ప్రతిపాదించారు. గటక తిన్న ప్రతివారికీ పెల్లాగ్రా రాలేదు. గటక తప్ప మరేమీ దొరకని వారికి వచ్చింది. పాలు, పప్పు, కూర తోడైన జొన్న మేలు చేసింది, ఒంటరి జొన్న కీడు చేసింది.

మూడవ ఘట్టం మన కండ్ల ముందరిది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం పథకాన్ని ఆరంభించింది. ఆకలిని తీర్చిన పుణ్యకార్యం అది. కాని మెట్టసీమలో జొన్న, సజ్జ, కొర్ర పక్కకు జరిగి, తెల్లన్నమే ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అయిన మార్పుకు అది కూడా ఊతమిచ్చింది. పొలం పనికి పోయినవాడు తిన్నంత అన్నాన్ని నేడు కుర్చీలో కూర్చొన్నవాడు తింటున్నాడు. ఒకనాడు లేమి తెచ్చిన కీడును నేడు అతి తెస్తున్నది.

లాభనష్టాలు

ధాన్యం మానినవారికి తొలి మాసాలలో బరువు తగ్గుతున్నది, రక్తంలో చక్కెర తగ్గుతున్నది. ఇది అబద్ధం కాదు. స్వీడన్‌లో 2007లో ప్రకటించిన ఒక పరీక్షలో ఆదిమ ఆహారం తిన్నవారి చక్కెర మెరుగుపడింది. కాని అందులో పాల్గొన్నవారు 29 మంది, అది సాగినది 12 వారాలు. పంచదార, మైదా, వేపుళ్లు, తినుబండారాలు కూడా ధాన్యంతో పాటే పోతాయి గనుక మేలు దేని వలన జరిగిందో విడదీసి చెప్పడం కష్టం.

నష్టాలను కూడా లెక్కించాలి. ఆదిమ ఆహారమనే విధానం ధాన్యంతో పాటు పప్పును, పాలను కూడా తొలగిస్తుంది. మాంసం తినేవారికి మాంసకృత్తులు అక్కడ దొరుకుతాయి. శాకాహారికి మిగిలేది ఏమిటి? దుంపలు, పండ్లు, కూరలు, గింజలు. కండకు కావలసిన మాంసకృత్తులు, ఎముకకు కావలసిన కాల్షియం, నరాలకు కావలసిన బి12 తగ్గిపోతాయి. రెండవది, మధుమేహానికి ఇన్సులిన్ గాని కొన్ని మాత్రలు గాని వాడుతున్నవారు వైద్యునికి చెప్పకుండా హఠాత్తుగా అన్నం మానితే, చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అన్నం మానాను గనుక మందు కూడా అక్కరలేదని ఇన్సులిన్ ఆపినవారికి అంతకు మించిన ముప్పు కలుగుతుంది. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, గర్భిణులు, ఎదిగే పిల్లలు ఇటువంటి ప్రయోగాలకు దూరంగా ఉండాలి. మూడవది ధర్మసంబంధమైనది. నూట నలభై కోట్ల ప్రజలకు వేటా, వనఫలాలూ చాలవు. 1876–78 నాటి ధాత కరువులో గింజ లేక ప్రాణాలు విడిచినవారు లక్షల సంఖ్యలో ఉన్నారు. మనం వద్దనుకొన్న గుప్పెడు బియ్యం ఇంకొకరికి ప్రాణం. మానేవారు మానవచ్చు, నిందించరాదు. అన్నాన్ని నిందించకుండుట వ్రతమని తైత్తిరీయోపనిషత్తు ఉపదేశించినది ఇందుకే.

ఉపవాసం పేరిట మనలో జరుగుతున్న ఒక పొరపాటును కూడా చెప్పాలి. ఫలాహారమంటే పండ్ల ఆహారం. అది తెలుగునాట పలహారమై, ఇడ్లీగా, ఉప్మాగా మారింది. ఏకాదశి నాడు అన్నం మాని రెండుపూటలా ఉప్మా తింటే మానినది ధాన్యాన్ని కాదు, పేరును మాత్రమే. సగ్గుబియ్యం ధాన్యం కాదు, కర్రపెండలం పిండి. నిజమే, కాని అది తెల్లన్నం వలెనే త్వరగా చక్కెరగా మారుతుంది. వ్రతదృష్టిలో ధాన్యరహితమైనది వైద్యదృష్టిలో నిర్దోషం కానక్కరలేదు.

నిర్ణయం

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతుని పదిహేను దినాలు నీరు మాత్రమే త్రాగి ఉండమన్నాడు. ఆ తరువాత వేదం చెప్పమంటే శ్వేతకేతునికి ఏమీ స్ఫురించలేదు. భోజనం చేసి వచ్చిన పిమ్మట అన్నీ స్ఫురించాయి. మనస్సు అన్నమయమని తండ్రి ఆ విధంగా బోధించాడు. గీతాచార్యుడు మితిమీరి తినేవానికీ, బొత్తిగా తినని వానికీ యోగం సిద్ధించదని, యుక్తాహారమే మార్గమని చెప్పాడు. చరకాచార్యుడు ప్రమేహరోగికి ధాన్యాన్ని నిషేధించలేదు. యవలను ప్రధానంగా పెట్టి, శ్యామాకం వంటి తృణధాన్యాలను విధించాడు. అలవాటైన దానిని విడవవలసి వచ్చినప్పుడు ఒక్కసారిగా కాక పాదం పాదంగా విడవాలని కూడా ఆయనే చెప్పాడు.

ఆధునిక శాస్త్రం కూడా ఈ చోటికే చేరింది. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో దినానికి 2,000 కిలో కేలరీలు అవసరమైన వ్యక్తికి ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు సూచించింది. ఇది సామాన్య ఆరోగ్యవంతుని లెక్క, రోగికి వైద్యుడు వేరుగా నిర్ణయిస్తాడు. విస్తరిలో అన్నం మధ్యలో కొండవలె, కూర అంచున చుక్కవలె వడ్డించే మన అలవాటును తలక్రిందులు చేస్తే చాలు, ఈ లెక్క చాలా వరకు సరిపోతుంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినది. తెలుగు బిడ్డ డాక్టర్ ఖాదర్ వలీ గారు కొర్ర, అరిక, సామ, ఊద, అండుకొర్రలను తిరిగి మన వంటింటికి తెచ్చారు. వానిని కూడా ఒంటరిగా, అతిగా కాక, తెల్లన్నానికి బదులుగా, పప్పూ కూరల తోడుతో తీసుకోవాలి. జొన్న నేర్పిన పాఠం అదే.

మన నైవేద్యాలను చూడండి. కట్టెపొంగలిలో బియ్యానికి పెసరపప్పు తోడు, దధ్యోదనంలో పెరుగు తోడు. గింజలో కొరవడిన దానిని పప్పు, పాలు పూరిస్తాయి. ఈ కలయికను మన పెద్దలు స్వామి సన్నిధిలో ప్రతిష్ఠించారు. ఇక ప్రసాదం అంటే కడుపు నింపే భోజనం కాదు, కళ్లకద్దుకొని స్వీకరించే కణం. మధుమేహం ఉన్న భక్తుడు దొన్నె నిండా అడగనక్కరలేదు, వద్దని చేయి వెనుకకు తీసుకోనక్కరలేదు. రెండు మెతుకులు స్వీకరించి, మిగిలినది పక్కనున్న పసివాని చేతిలో పెడితే ప్రసాదమూ దక్కుతుంది, దానమూ దక్కుతుంది, దేహమూ నిలుస్తుంది.

కనుక మన నిర్ణయం ఇది. పర్వదినాలలో ధాన్యాన్ని విడవడం తపస్సు, తగినవారు చేయవచ్చు. నిత్యమూ విడవడం శాకాహార గృహస్థునికి పూర్వుల మార్గం కాదు, క్షేమమూ కాదు. తగ్గించుకోవడం, మార్చుకోవడం, తోడు చేర్చుకోవడం మాత్రం ఈనాడు ధర్మమే, అవసరమే. దేహం దేవాలయమన్నారు పెద్దలు. ఆ ఆలయంలో నివేదన ఎంత, ఏది అన్నది వివేకంతో నిర్ణయించుకొనే బుద్ధిని ఆ అన్నపూర్ణా విశ్వేశ్వరులు మనకందరికీ ప్రసాదింతురు గాక.

శుభమస్తు.